అటక కింద ఎత్తకూడని మాట

మా మావయ్య ఇంట్లో పిల్లి దగ్గేది. ఈ మాట చెబితే ముక్తేశ్వరం సెంటర్లో టీ తాగేవాళ్ళు గ్లాసులు బల్ల మీద పెట్టి మరీ నవ్వుతారు. నవ్వనివ్వండి. ఏడాదిలో ముప్పాతిక భాగం అటక కింద కొబ్బరి పీచు డొక్కల పొగ రాజుకుంటూ ఉండే ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లి దగ్గక ఇంకేం చేస్తుంది? ఆ ఇంట్లో దోమ అన్నది నేను చూడలేదు. ఒకసారి ఒకటి పొరపాటున వచ్చి, గుమ్మంలోనే తుమ్మి, వెనక్కి తిరిగిపోయిందని అత్తయ్య చెప్పేది. మా ఇళ్ళల్లో కోతలు కోసేది నేనొక్కణ్ణే కాదని తెలియడానికి ఈ మాట కూడా రాసేశాను.

ఆ పొగ వాసన ఇప్పటికీ అనుకోని చోట తగులుతుంది. అమలాపురం బస్టాండులో పక్కన నిలబడ్డ ముసలాయన కండువాలోంచి సన్నగా వస్తే చాలు, నేను ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోతుంది. నేను ఆ మండువా ఇంట్లో, మెట్లరిగిపోయిన నిచ్చెన కింద నిలబడి పైకి చూస్తూ ఉంటాను.

అటక మీద కాయలుండేవి. బాగా ముదిరిన కొబ్బరికాయల్ని ఒలవకుండా అటకెక్కించి, కింద సన్నగా పొగ పెడుతూ నెలల తరబడి వదిలేస్తే, లోపల నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలేసి బంతిలా గుండ్రంగా తయారవుతుంది. దాన్నే కురిడీ అంటాం. కాయ చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల బంతి దొర్లిన చప్పుడు వినిపించాలి. పిల్లి అటక మీద ఎలకని తరిమిందంటే ఇల్లంతా గజ్జెలు కట్టినట్టు మోగేది. ఆ కురిడీలు లారీలెక్కి ఉత్తరాదికి పోయేవి. అక్కడ పెళ్ళిళ్ళకీ పూజలకీ అవి లేకపోతే జరగదు. మావయ్యకి ఎన్నడూ గోదావరి వంతెన దాటే పనిపడలేదు కానీ, ఢిల్లీలో పెళ్ళి ముహూర్తాలు ఎప్పుడెప్పుడున్నాయో మాత్రం నోటికి వచ్చు.

నేను డిగ్రీ పూర్తి చేసి, ఏ ఉద్యోగమూ నన్ను పిలవకపోవడంతో, సాయం చేసే వంకన ఆ ఇంట్లో దిగిపోయాను. మావయ్యకి సొంతంగా ఉన్నవి పెరటి చెట్లే. వ్యాపారమంతా కౌలు తోట మీద నడిచేది. రాజోలులో ఉండే ఒక ఆసామిది ఆ తోట. ఏటా ఉగాదికి ముందే ఏడాది కౌలు ఆయన చేతిలో పెట్టాలి. పెడితే ఆ ఏటి దింపులన్నీ మావయ్యవి, ఆ కాయలన్నీ అటక మీదివి.

ఇక ఆ ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. అటక నిండాక, దాని కింద ధర మాట ఎత్తకూడదు. అటక కింద అంటే హాల్లో, పడక గదిలో, భోజనాల దగ్గర కూడా. ఆ ఆచారం మావయ్య నాన్నగారు పెట్టింది. కాయ తన ధర వింటుందని ఆయన నమ్మకం. ఎక్కువ అని వింటే మిడిసిపడి నీళ్ళు ఇంకనివ్వదు. తక్కువ అని వింటే అలిగి కుళ్ళిపోతుంది. "చెవి దగ్గర పెట్టి ఊపితే మనతో మాట్టాడే కాయకి మన మాట వినబడదేవిట్రా?" అని మావయ్య నన్ను నిలదీసేవాడు.

అందుకని ఆ ఇంట్లో బేరమంతా వీధిలో జరిగేది. అంబాజీపేట నుంచి వచ్చే బ్రోకరుగారు మోపెడ్ మీద దిగితే, మావయ్య చెప్పులేసుకుని గుమ్మం దాటి, వీధి మధ్యకి నడిచేవాడు. వానొస్తే ఇద్దరూ ఒక్క గొడుగు కింద. ఆ బ్రోకరుగారు బక్కపల్చటి మనిషి, గట్టిగాలికి గొడుగుతో పాటు ఎగిరి కాలవ అవతల పడ్డాడని నేను చెబుతూ ఉంటాను. కాలవ దాకా అయితే వెళ్ళలేదు. టీవీలో వార్తలు చదివే అమ్మాయి ధరలు అనే మాట మొదలెడితే చాలు, అత్తయ్య వంట గదిలోంచి పరిగెత్తుకొచ్చి నొక్కేసేది. బడ్జెట్ చెప్పే రోజున టీవీ పశువుల పాకలోకి మారేది. గేదెలు బడ్జెట్ అంతా శ్రద్ధగా విన్నాయి, పాలు మాత్రం పెంచలేదు.

స్వేచ్ఛా వాణిజ్యం అనే మాట మొదటిసారి నేను విన్నది ఆ వీధిలోనే, ఆ గొడుగు పక్కన తడుస్తూ.

"గవర్నమెంటోళ్ళు పక్క దేశాలతో సంతకాలు పెట్టేసుకున్నారంటండి బాబాయిగారూ," అన్నాడు బ్రోకరుగారు. "ఆళ్ళ సరుకు మన రేవులోకొస్తే పన్నుండదంట. మన సరుకు ఆళ్ళ రేవుకెళ్ళినా ఉండదంట."

"మంచిదే కదండీ," అన్నాడు మావయ్య. "మన కురిడీ కూడా ఓడెక్కుతుందన్నమాట."

"ఎక్కడికండీ ఎక్కేది? శ్రీలంకోళ్ళదీ కొబ్బరి దేశవేనండి! ఆళ్ళకి మనం కొబ్బరికాయ అమ్మడవంటే, మీరు మీ అత్తారింటికెళ్ళి, మా ఇంట్లో ఇలాంటి ఆవిడుందండీ అని మీ ఆవిణ్ణి చూపించుకోడవేనండి."

మావయ్య నవ్వాడు. లోపల్నుంచి అత్తయ్య గొంతు వినబడింది. "విన్నానండోయ్ బ్రోకరుగారూ!"

"మిమ్మల్నేం అన్లేదండి పిన్నిగారూ, కొబ్బరి గురించండి!"

మొదట్లో ఆ ఒప్పందం మా ఇంట్లోకి వంట గది తలుపు తట్టి వచ్చింది. మిరియాలూ లవంగాలూ చవకయ్యాయి. అత్తయ్య చారు ఘాటెక్కింది. పామాయిలు చవకగా దొరకడంతో జంతికలు పండక్కే కాకుండా ఊరికే కూడా వండడం మొదలెట్టింది. ఆ రోజుల్లో మేం తిన్నన్ని జంతికలు తరవాతెప్పుడూ తినలేదు. నేను పనిగట్టుకుని కాకినాడ వెళ్ళి పామాయిలు ఓడని చూసి వచ్చాను. ఓడ ముందు భాగం కాకినాడ రేవులో ఉంది, వెనక భాగం ఇంకా మలేషియాలోనే ఉందని ఊరందరికీ చెప్పాను. మావయ్య ఒక్కడే నమ్మాడు. నమ్మి, కరకరలాడే జంతిక చేత్తో పట్టుకుని దానివైపు చాలాసేపు చూశాడు.

"ఇది ఇంత చవగ్గా ఒస్తంటే," అన్నాడు, "సబ్బు కంపినీవాడు మన కొబ్బరి నూనె ఎందుక్కొంటాడ్రా?"

ఆ ప్రశ్న ఆయన వీధిలోకి వెళ్ళి మరీ అడిగాడు.

సబ్బు కంపెనీవాడు కొనలేదు. బిస్కట్ల కంపెనీవాడు శ్రీలంక ద్వీపం నుంచి వచ్చే కొబ్బరి పొడి సంచులు దించుకున్నాడు. అక్కడ అమ్ముడుపోని కాయంతా కురిడీ వైపు మళ్ళింది. ఊళ్ళో ప్రతి అటకా నిండింది. అటకలు లేనివాళ్ళు మంచాల కింద దాచారు. మా ఊళ్ళో ఒకాయన కాయలకి చోటు చాలక కొత్తగా పెళ్ళయిన కొడుకునీ కోడల్నీ అరుగు మీద పడుకోబెట్టాడని నేను చెబితే, ఆయన నా మీదకి కర్ర పుచ్చుకుని వచ్చాడు. అబద్ధమైతే కర్ర ఎందుకు తెస్తాడు?

ఆ ఏడు ఆసామిగారి మాటలో తేడా వచ్చింది. సముద్రం వైపు ఊళ్ళల్లో రొయ్యల చెరువులు తవ్వుతున్నారు. తోటల ఆసాములకి చెరువులవాళ్ళు ఇస్తామంటున్న కౌలు ముందు కొబ్బరి కౌలు ఎందుకూ ఆనడం లేదు. "మీరు ఇన్నాళ్ళు చేసేరు కాబట్టి మిమ్మల్నే ముందడుగుతున్నానండి. ఉగాదికి ఎప్పట్లా ఇచ్చేస్తే తోట మీదే. లేదంటే నేనేం చెయ్యలేనండి," అని ఆయన ఎంతో మర్యాదగా చెప్పి వెళ్ళాడు. మా వైపు గొంతు కోసేవాడు కూడా అండీ అనే కోస్తాడు.

అంటే మరుసటి ఏటి తోట మొత్తం ఆ ఏడు అటక మీదే ఉంది. కాయలు మంచి ధరకి దిగితే చెట్లు నిలుస్తాయి. దిగకపోతే పొక్లెయిన్ వస్తుంది. మావయ్య రోజూ నిచ్చెనెక్కి ఒక్కో కాయా ఊపి వినేవాడు. అలా వింటూ ఒక మధ్యాహ్నం నిచ్చెన మెట్టు జారి కింద పడ్డాడు. అమలాపురం ఆస్పత్రిలో కాలికి మోకాలి పైదాకా సిమెంటు కట్టేసి, పాదం నేల మీద ఆనించకూడదని చెప్పి పంపారు. తెచ్చి హాల్లో నవారు మంచం మీద పడుకోబెట్టాం. సరిగ్గా అటక కింద.

ఒక శనివారం. అత్తయ్య ఏడు శనివారాల మొక్కు తీర్చుకోవడానికి వాడపల్లి వెళ్ళింది. మావయ్య కాలు బాగవ్వాలనే ఆ మొక్కు. ఇంట్లో నేనూ, మావయ్యా, దగ్గే పిల్లీ. పొద్దెక్కుతుండగా బ్రోకరుగారు ఆటోలో దిగాడు. మోపెడ్ మీద కాకుండా ఆటోలో వచ్చాడంటేనే ఏదో తొందరన్నమాట.

"బాబాయిగారూ," అంటూ హాల్లోకి వచ్చాడు. "అవతల రే..."

మావయ్య రెండు చెవుల్లోనూ వేళ్ళు పెట్టేసుకున్నాడు. "ఇక్కడ కాదండి! బయట మాట్టాడుకుందాం."

"మీరు లేవలేరు కదండీ."

"అయితే లేచేక మాట్టాడుకుందాం."

"మీరు లేచేతలికి అది పడుకుంటుందండి బాబాయిగారూ! మజ్జానం లోపల నేను ఫోను బూత్‌లోంచి ఢిల్లీ సేటుకి మాట చెప్పెయ్యాలి. ఎవరెవరి అటకలు ఇస్తన్నారో చెబితే పాత లెక్క మీద తీసుకుంటానన్నాడు. రేపట్నించి ఆయన లెక్క వేరంట."

బ్రోకరుగారు ధర అనే మాట అనకుండానే ఇదంతా చెప్పాడు. చెమటలు పట్టాయి పాపం. మావయ్య చెవుల్లో వేళ్ళు తీసి, పైకి అటక వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. నిద్రపోతున్న పిల్లలు లేస్తారేమోనని చూసే చూపు.

"ఒరే అల్లుడూ," అన్నాడు గొంతు తగ్గించి, "మంచంతో సహా నన్ను వీధిలో పెట్టండ్రా."

నేనూ, బ్రోకరుగారూ, ఆటో అబ్బాయీ, పక్కింట్లో కువైట్ నుంచి సెలవు మీద వచ్చి ఉన్నతనూ తలో కోడూ పట్టుకున్నాం. కువైటతను ఒళ్ళంతా అత్తరు కొట్టుకుని ఉన్నాడు. గుమ్మం ఇరుకు, మంచం వెడల్పు. అటు తిప్పి ఇటు తిప్పి చివరికి కాళ్ళవైపు ముందుగా బయటికి తీశాం. బయట ఎండ మొహం మీద పడేసరికి మావయ్య పైనున్న తెల్ల తువ్వాలు మొహం మీదకి లాక్కున్నాడు.

ఒక్కసారి మీరు ఎదురింటి అరుగు మీద కూర్చుని చూడండి. శనివారం పొద్దున. నలుగురు మగాళ్ళు ఒక మంచం మోసుకుంటూ ఇంట్లోంచి బయటికి వస్తున్నారు. కాళ్ళు ముందు. మొహం మీద తెల్లగుడ్డ. వెనకాలే అత్తరు వాసన.

ఎదురింటి మామ్మగారు చేతిలో ఉన్న చేట వదిలేసింది. "అయ్యో నాయనోయ్! నిన్న సాయంత్రం కూడా నా చేత చారు పోయించుకున్నావు కదయ్యా! ఇంతలోకే వెళ్ళిపోయేవా!"

తువ్వాలు కింద నుంచి మావయ్య గొంతు వచ్చింది. "చారులో ఉప్పెక్కువైంది మామ్మగారూ."

ఆవిడ కేక రావులపాలెం దాకా వినబడిందంటే అది నా కోత. వీధి చివరి దాకా వినబడిందన్నది మాత్రం నిజం. వీధి చివర ఉన్నవాళ్ళకి కేక వినబడింది కానీ ఉప్పు సంగతి వినబడలేదు. వాళ్ళు ఏడుపందుకుని పరిగెత్తుకొచ్చారు. వాళ్ళ ఏడుపు విని వెనక వీధివాళ్ళు. కళ్ళాల దగ్గర పని చేసుకుంటున్న ఒకాయన నిమిషం ఆలస్యం చెయ్యకుండా పచ్చి వెదురు బొంగు నరుక్కుని భుజాన వేసుకుని వచ్చేశాడు. మావయ్య మంచం మీద లేచి కూర్చుని ఆ బొంగు వైపు చూసి, "ఎవడికిరా అది?" అన్నాడు. ఆయన బొంగు వెనక దాచుకోబోయాడు. బొంగు ఎక్కడ దాగుతుందండీ? "పందిరిక్కావలసొచ్చి కొట్టేనండి," అన్నాడు. "కాకర పాదుకండి."

ఈ గోల మధ్య బ్రోకరుగారు గడియారం చూసుకుంటూ మంచం చుట్టూ తిరుగుతున్నాడు. ఏడ్చేవాళ్ళకి ఏడుపాపుకోవడం చాతకావడం లేదు. బతికే ఉన్నాడని తెలిశాక ఆ సంతోషానికి మళ్ళీ ఏడుస్తున్నారు. చివరికి ఆయన వంగి మావయ్య చెవిలో ధర చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను, విన్నాను. కిందటేటి కన్నా తక్కువే. కానీ కౌలుకి సరిపోతుంది. తోట నిలుస్తుంది.

మావయ్య వెంటనే ఔననలేదు. అటక నింపినవాడికి కిందటేటి కన్నా తక్కువకి ఔననడం కష్టం. కళ్ళు మూసుకుని, పెదాలతో ఏదో లెక్క కట్టుకుని, తల పైకెత్తి నోరు తెరిచాడు. సరే అనబోతున్నాడని నాకు తెలుసు. ఆ పెదాల తీరు నాకు తెలుసు.

అప్పుడే అత్తయ్య ఆటో వచ్చి ఆగింది.

వీధి నిండా జనం, మధ్యలో మంచం, పక్కనే పచ్చి వెదురు. అత్తయ్య చేతిలో ప్రసాదం పొట్లం అలాగే ఉంది, మొహంలో రంగు మాత్రం పోయింది. జనం దారి ఇచ్చారు. మంచం మీద కూర్చున్న మొగుణ్ణి చూసింది. చూసి, ముందు ఏడ్చింది, తరవాత తిట్టింది, తరవాత రెండూ కలిపి చేసింది.

"బతికున్న మనిషిని వీధిలో పడేసేరేవిటర్రా! మీకు బుద్ధుందా? కాళ్ళు ముందు తీసేరా? ఎవరు తీసేరు?"

"అటక కింద ఆ మాట ఎత్తకూడదని..." అని నేను మొదలెట్టాను.

"నోరుముయ్! బ్రోకరుగారూ, మీరు వెళ్ళిరండి."

"పిన్నిగారూ, ఒక్క మాటండి. ఒక్క ఊఁ అంటే చాలండి."

"ఏడుపు పడ్డ మనిషి చేత బేరవాడిస్తారా? తలంటి, దీపం పెట్టేదాకా ఈయన ఎవరికీ మాట ఇవ్వరు. మా వైపు ఆడాళ్ళనడగండి."

మామ్మగారితో సహా ఆడవాళ్ళందరూ "ఆయ్, అంతేనండి," అన్నారు. బతికున్నవాడి మీద ఏడుపు పడితే, దీపం వేళ దాకా అతను మాట ఇవ్వనూ కూడదు, పుచ్చుకోనూ కూడదు. ధర మాట అటక కింద పలక్కూడదని మావయ్య నాన్నగారు పెట్టిన ఆచారం గుమ్మం దాకానే పనిచేసింది. గుమ్మం దాటాక ఆడవాళ్ళది ఇంకో ఆచారం ఉందని మాలో ఎవరికీ తట్టలేదు. మావయ్య నోరు తెరిచి ఉన్నవాడు మూసేశాడు. బ్రోకరుగారు అందరి వంకా ఒకసారి చూసి, ఆటో ఎక్కాడు.

సిమెంటు కట్టిన కాలు తడవకుండా మనిషికి తలంటడం ఎంత పనో చేసినవాళ్ళకే తెలుస్తుంది. నేను కాలు పట్టుకుని పైకెత్తి నిలబడ్డాను. అత్తయ్య కుంకుడుకాయ పులుసు పోసింది. అందులో సగం నా కళ్ళల్లో పడింది. దీపం పెట్టాక మావయ్య నన్ను పిలిచి బయటికి చెయ్యి చూపించాడు. వెళ్ళి ఇస్తానని చెప్పమని. నేను సైకిలెక్కి ముక్తేశ్వరం బూత్‌కి తొక్కాను.

బ్రోకరుగారు బూత్ బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు.

"సేటు ఫోను పెట్టేసేడండి. చెప్పినాళ్ళవి రాసుకున్నాడు. ఇహ ఆయన ఎంతంటే అంతేనంట." గడియారం వంక చూసుకుని, "ఆ ఊఁ ఏదో నేనే అనేసుకోవాల్సిందండి," అన్నాడు.

వెనక్కి వచ్చేసరికి మావయ్య అదే మంచం మీద, అటక కిందే ఉన్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. అక్కడ చెప్పడానికి వీల్లేని మాటే నా దగ్గర ఉంది. ఆయన నా మొహం చూశాడు. చూసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తరవాతి వారాల్లో ధర రోజురోజుకీ జారింది. మావయ్య అమ్మలేదు. పెళ్ళిళ్ళ సీజను వస్తే లేస్తుందన్నాడు. పెళ్ళిళ్ళు జరిగాయి, ధర లేవలేదు. కాలికి కట్టు విప్పారు. ఉగాది దగ్గర పడింది. ఎవరెంతంటే అంతకి అటక దించేశాం. కూలీలు కాయలు దించుతుంటే మావయ్య పెరట్లో మొక్కలకి నీళ్ళు పోస్తూ ఉండిపోయాడు. అన్నీ దిగిపోయాక నేను లోపలికి వెళ్ళి పైకి చూశాను. అటక పలకల సందుల్లోంచి పెంకుల వెలుతురు కిందికి పడుతోంది. ఆ ఇంట్లో ఎప్పుడూ చూడని వెలుతురు అది. పిల్లికి దగ్గు కూడా తగ్గిపోయింది.

వచ్చిందంతా ఒక్క చోట చేర్చినా కౌలుకి చాలలేదు. ఆసామిగారు వచ్చి హాల్లో కూర్చున్నాడు. అత్తయ్య జంతికలు పెట్టింది, పామాయిల్లో వేయించినవే.

"ఏవనుకోకండి. నాకూ ఇష్టం లేదండి," అన్నాడు. "కానీ ఇదీ ఆ ఒప్పందాల పుణ్యవేనంటండి. కొబ్బరి లోపలికి రాడానికి తలుపు తీసేరు, రొయ్య బయటికెళ్ళడానికీ తీసేరు. మనం ఏ తలుపు దగ్గర నిలబడితే బాగుంటుందో చూసుకోవాలి కదండీ."

"ఆయ్," అన్నాడు మావయ్య. "ఒక్కటడుగుతానండి. చెరువు మీది. గట్టు నాకివ్వండి. గట్టు మీద మొక్కలేసుకుంటాను."

"ఉప్పునీళ్ళండి. బతకవు."

"బతకనివి పోతాయండి."

ఆసామిగారు జంతిక ముక్క నోట్లో వేసుకుని, తలూపాడు. గట్టుకి కౌలు అక్కర్లేదన్నాడు.

పొక్లెయిన్ వచ్చిన రోజున నేను మావయ్యతో వెళ్ళాను. ఒక్కో చెట్టు పడుతుంటే, ఆ చెట్టు ఏ ఏడు ఎన్ని గెలలేసిందో ఆయన చెబుతూ ఉన్నాడు. పొక్లెయిన్ డ్రైవరు పక్క రాష్ట్రం మనిషి. మాట అర్థం కాక ప్రతి దానికీ నవ్వి తలూపాడు. మావయ్య చెప్పింది పూర్తిగా విన్నవాడు ఆ రోజు అతనొక్కడే.

ఆ చెరువు నాకు మంచే చేసింది. ఏదీ దాచను. రొయ్యల మేత కొట్టు పెట్టుకున్నాను. ఇప్పటికీ అదే నా జీవనం. మా పిల్లల చదువులూ, ఈ మధ్య కట్టుకున్న డాబా, అన్నీ ఆ మేత సంచుల్లోంచి వచ్చినవే. ఊళ్ళో చాలా ఇళ్ళు అలాగే లేచాయి. అటకలున్న ఇళ్ళు పడగొట్టి శ్లాబులు వేశారు. మావయ్య ఇల్లు కూడా శ్లాబు ఇల్లయింది. అందులో ఏ గదిలోనైనా ఏ మాటైనా మాట్లాడుకోవచ్చు. మాట్లాడుకోవడానికి అంత ముఖ్యమైనదేదీ మిగలలేదు కాబోలు, అందరూ ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. నాకు ఆ గొడుగు కిందే ఎక్కువ కబుర్లు జరిగినట్టు అనిపిస్తుంది.

గట్టు మొక్కలు ఆసామిగారు చెప్పినట్టే చాలామటుకు మాడిపోయాయి. మావయ్య ఎండిందాన్ని పీకి కొత్తది పెట్టేవాడు. అదీ పోతే ఇంకోటి. కొన్ని మాత్రం ఆకు చివర ఎర్రబడినా నిలదొక్కుకున్నాయి. పొట్టిగా, వంకరగా, మొండిగా పెరిగాయి. కాయ చిన్నదే కానీ కాచింది.

ఈ మధ్య కథ తిరగబడింది. రొయ్య వెళ్ళే దేశాల్లో కొత్త సుంకాలు పడ్డాయట, చెరువు కౌలుదారు నష్టాలొచ్చి మధ్యలోనే వదిలేశాడు. అటు కొబ్బరి ధర ఆకాశం వైపు చూస్తోంది. తమిళనాడులో కాపు తగ్గిందంటారు, కేరళలో తెగులంటారు. ఆ ద్వీపంలోనే కొబ్బరికి కరువొచ్చి, ఇప్పుడు వాళ్ళే బయట నుంచి తెచ్చుకుంటున్నారనీ అంటారు. నేను చెప్పలేదు, బ్రోకరుగారు చెప్పాడు. ఆయన జుట్టు నెరిసింది, మోపెడ్ పోయి కారు వచ్చింది, మనిషి మాత్రం ఇంకా బక్కపల్చగానే ఉన్నాడు. ఆయన కారు దిగిన రోజునే ఆసామిగారు కూడా వచ్చాడు. ఇద్దరూ కూడబలుక్కుని రాలేదు, ధర ఇద్దర్నీ ఒకే రోజున లాక్కొచ్చింది. మావయ్యని నా బండి మీద కూర్చోబెట్టుకుని అందరం గట్టు మీదకి వెళ్ళాం.

చెరువు ఎండిపోయి బీటలు వారి ఉంది. మావయ్య చేతికర్ర ఊతతో లోపలికి దిగి, వంగి, చిటికెడు మట్టి తీసి నాలిక మీద వేసుకున్నాడు. ఉమ్మేశాడు.

"మళ్ళీ తోట వేద్దావనుకుంటున్నానండి," అన్నాడు ఆసామిగారు. "ఏ మొక్క తెప్పించమంటారు? కడియం నుంచి మంచి హైబ్రిడ్ ఒస్తోందంటన్నారు."

"ఇందులో ఏదీ బతకదండి. ఉప్పు అలాగే ఉంది. నాలుగు వానలు పడి కడగాలి." గట్టు మీద వంకర చెట్లవైపు చూశాడు. "ఇవైతే ఈ ఉప్పు తాగే పెరిగేయి. ఈటి కాయలే విత్తనానికి పెట్టాలండి."

బ్రోకరుగారు గట్టు అంచుదాకా వచ్చేశాడు. "బాబాయిగారూ, ఈ గట్టు కాయలకి ఎంతిస్తానో వినండి ముందు. మీ జన్మలో చూడని రేటండి."

ఆ రేటు ఆయన పైకే చెప్పాడు. నిజంగానే ఎవరూ చూడని రేటు. నాకే నోరూరింది. మావయ్య శ్రద్ధగా విన్నాడు. చిన్నపిల్లాడికి బొమ్మ చూపించినట్టు మొహం వెలిగింది కూడా. తరవాత తల అడ్డంగా ఊపాడు.

"ఇవి అమ్మకానికి లేవండి. ఆసామిగారి తోటకి కావాలి."

"ఎనభై దాటేయండి మీకు! ఇప్పుడు వేసిన మొక్క ఎప్పుడు కాయాలి, మీరెప్పుడు తినాలి?"

"నేను తింటానన్నానేటండి? నాటతానన్నాను." ఆసామిగారి వైపు తిరిగాడు. "కౌలు మాత్రం నా పేరునే రాయాలండి. నేను పోతే ఈ అల్లుడు చూసుకుంటాడు. అబద్ధాలాడతాడు కానీ నీళ్ళు సరిగ్గానే పోస్తాడు."

ఆసామిగారు నవ్వి, "ఆయ్, అలాగేనండి," అన్నాడు.

సాయంత్రానికి కాయలు దింపించాం. నా మేత కొట్టు వెనక జాగాలో ట్రాక్టరు ఇసక పోయించాను. మావయ్య కుర్చీ వేయించుకుని కూర్చుని, ఒక్కో కాయా పక్కకి తిప్పి ఏ వైపు పైకి పెట్టాలో కర్రతో చూపిస్తూంటే, నేను పాతిపెట్టుకుంటూ వెళ్ళాను. చీకటి పడేదాకా నన్ను తిట్టకుండా ఒక్క వరసా పూర్తి చేయించలేదు. అత్తయ్య ఫోను చేసి భోజనానికి రమ్మంటే, ఇంకో వరస ఉందన్నాడు.